లండను నగరమున రీజెంటు కాలువ గట్టు వెంబడి

లండను మహానగరమును గూర్చి చదువునపుడెల్ల థేమ్సు నది, పార్లమెంటు మందిరము, గోపురపు వంతెన, రాజప్రాసాదము మున్నగునవియే మన కన్నులయెదుట నిలుచును. ఆ నగరమునకు వచ్చు యాత్రికులును చాలవఱకు వీనినే చూచి మరలిపోవుదురు. కాని ఆ పట్టణపు ఉత్తరభాగమున, ఇండ్ల పెరడులకును గిడ్డంగుల గోడలకును నడుమ, వీధులకంటె పల్లముగా, సద్దుచేయక పరుండిన నీటిబాట యొకటి కలదు. దానిని రీజెంటు కాలువ యందురు. పడమట ప్యాడింగ్టను మొదలుకొని తూర్పున లైమ్‌హౌసు రేవువఱకు దాని నిడివి సుమారు ఎనిమిదిన్నర మైళ్లు, అనగా దాదాపు 14 కిలోమీటర్లు. ఆ గట్టుమీద నడచుటకు టిక్కెట్టు లేదు, తొందరయు లేదు. ఉదయమున బయలుదేరి, మధ్యమధ్య ఆగుచు, చూచుచు, సాయంకాలమునకు తూర్పుకొనను చేరవచ్చును. ఈ వ్యాసమున మేము చదువరులను ఆ బాటవెంబడి నడిపింపబూనితిమి.

నడకకు ముందు కాలువ పుట్టుక కొంచెము తెలిసికొనవలెను. పదునెనిమిదవ శతాబ్దపు చివర ఇంగ్లండు మధ్యభాగమున కర్మాగారములు పెరిగి, వానిలో తయారైన సరకులను లండనునకు చేర్చుటకు రహదారులు చాలకపోయెను. గుఱ్ఱము బండిమీద ఈడ్వగల బరువుకంటె నీటిమీద లాగగల బరువు అనేక రెట్లు ఎక్కువ. కావున దేశమందెల్లెడల కాలువలు త్రవ్వించిరి. వానిలో గ్రాండు జంక్షను కాలువయొక్క శాఖ 1801 వ సంవత్సరమున ప్యాడింగ్టను చేరెను. ప్యాడింగ్టను అప్పటికి పట్టణపు పడమటి పొలిమేర. ఓడలు వచ్చు రేవులో, తూర్పున నుండెను. ఈ రెంటికి నడుమ సరకులను బండ్లమీద ఇరుకువీధులగుండ మోయవలసి వచ్చుచుండెను. ఈ ఇబ్బంది తీర్చుటకై 1812 లో పార్లమెంటు ఒక చట్టముచేసి క్రొత్త కంపెనీకి అనుమతి నిచ్చెను. అప్పుడు రాజప్రతినిధిగా నుండి, తరువాత నాలుగవ జార్జి రాజైన యువరాజు బిరుదమునే కాలువకు పెట్టిరి. ఆ యువరాజు ఆదరమునకు పాత్రుడైన శిల్పి జాన్ నాష్ కంపెనీ డైరెక్టరులలో నొకడు. అతని సహాయుడు జేమ్సు మోర్గను దానికి ఇంజనీరు.

పని సాఫీగా సాగలేదు. కాలువ త్రవ్వింపవలెనని మొదట పూనుకొన్న థామసు హోమరు అనునతడే కంపెనీ సొమ్ము అపహరించినట్లు తేలి 1815 లో శిక్షపొందెను. సెయింటు ప్యాంక్రాసు వద్ద భూస్వామియైన విలియము ఏగరు అను న్యాయవాది, తన నేలగుండ కాలువ పోరాదని ఏండ్ల తరబడి వ్యాజ్యమాడెను. చేతిలోని డబ్బు చాలక పని కుంటువడెను. ఎట్లైననేమి, 1816 ఆగస్టు 12 న ప్యాడింగ్టను నుండి క్యామ్డను వఱకును, 1820 ఆగస్టు 1 న లైమ్‌హౌసు వఱకును పడవలు నడచెను. అయిన ఖర్చు సుమారు 7,72,000 పౌన్లు. మొదట వేసిన అంచనాకు ఇది రెట్టింపు. ఇంత శ్రమపడి సిద్ధముచేసిన కాలువకు పదునేడేండ్లు నిండగానే రైలుబండి వచ్చి ప్రక్కన నిలిచెను! దీని చరిత్రలో సగము ఈ ఒక్క మాటలోనే యున్నదని మా తలంపు.

ఇక నడక మొదలుపెట్టుదము. ప్యాడింగ్టను కాలువయు రీజెంటు కాలువయు కలియుచోట మూడుమూలల కొలనొకటి, దాని నడుమ విల్లో చెట్లుగల చిన్న లంకయు నున్నవి. ఈ తావును ఇప్పుడు చిన్న వెనీసు అని ముద్దుగా పిలుతురు. రాబర్టు బ్రౌనింగు కవి 1862 మొదలు పాతికేండ్లు దీని సమీపముననే నివసించెను. గట్టునకు కట్టిన పొడవైన సన్నని పడవలను చూడుడు. ఆకుపచ్చ, ఎఱ్ఱ రంగులు పూసి, కప్పుమీద పూలకుండీలును కట్టెల మోపులును పేర్చి, పొగగొట్టమునుండి పొగ వెడలుచుండగా నుండు ఈ పడవలు చాలవఱకు కాపురముండు ఇండ్లే. లండనులో ఇంటి అద్దెలు భరింపలేనివారును, నీటిమీది బ్రదుకునందు ఇష్టముగలవారును వీనిలో నుందురు. స్థిరమైన తావు లేని పడవ సాధారణముగా ఒక్కచోట 14 దినములకు మించి నిలువరాదని నిబంధన. కావున అట్టి కాపురము నెలకు రెండుమారులు వాడ మారుచుండవలెను. బడికి పోవు పిల్లలున్నచో తల్లిదండ్రుల కెంత చిక్కో చదువరులే ఊహింపవచ్చును.

కొంతదూరము పోగానే కాలువ మెయిడా కొండక్రింద సొరంగములో దూరును. దీని నిడివి 272 గజములు. లోపల కాలిబాట లేదు. నడచువారు పైకెక్కి వీధిమీదుగా పోయి ఆవలివైపున దిగవలెను. పూర్వము పడవను లాగు గుఱ్ఱమును ఇట్లే పైనుండి తోలుకొనిపోవుచుండిరి. మరి పడవ లోపల నెట్లు పోయెను? పడవవాండ్రు పలకమీద వెల్లకిల పరుండి, పాదములను సొరంగపు గోడలకు తన్ని, చీకటిలో అడుగడుగున నడచినట్లే పడవను ముందునకు నెట్టుచుండిరి. కాలు జారినచో నీటిలో పడుటయే. పైని పోవు గుఱ్ఱమునకది విశ్రాంతి. క్రింది మనుష్యునకు అదే కష్టతరమైన పని.

సొరంగము దాటినపిమ్మట కాలువ రీజెంటు ఉద్యానవనపు ఉత్తరపుటంచున, లోతైన త్రవ్వకములో, ఇరువైపుల దట్టమైన చెట్లనీడను సాగును. ఇచ్చట నిలుచున్నవానికి తాను కోటిమంది నివసించు పట్టణమధ్యమున నున్నాడని తోచదు. నాష్ దొర మొదట కాలువను వనము నడుమనుండియే పోనిచ్చి, పడవలు తిరుగుటను అందముగా చూపవలెనని యెంచెనట. కాని చుట్టును కట్టబోవు మేడలలోని గొప్పవారు పడవవాండ్ర మొరటుమాటలు వినవలసివచ్చునని అభ్యంతరము కలుగగా, కాలువను అంచునకు నెట్టిరని చెప్పుదురు. సరకు కావలెను గాని సరకు మోయువాడు కంటబడరాదను ఈ తలంపు ఆ దేశమునకే పరిమితమైనది కాదు.

ఈ భాగముననే మాకిల్స్‌ఫీల్డు వంతెన యున్నది. పోతయినుప స్తంభములమీద నిలిచిన ఈ చిన్న వంతెనను జనులు ప్రేలిన వంతెన యనియే పిలుతురు. 1874 అక్టోబరు 2 న తెల్లవారకమునుపే, ఆవిరిపడవ లాగుచున్న పడవల వరుస దీనిక్రిందుగా పోవుచుండెను. వానిలో టిల్బరీ యను పడవయందు సుమారు ఐదు టన్నుల తుపాకిమందును, దానితో కూడ పెట్రోలియమును ఉండెను. సరిగా వంతెనక్రిందికి వచ్చునప్పటికి అది ప్రేలిపోయెను. పడవలోని ముగ్గురును మరణించిరి, వంతెన కూలెను, చుట్టుపట్ల ఇండ్ల కిటికీ అద్దములు పగిలెను. కాలువ లోతైన త్రవ్వకములో నుండుటచేతనే ఊరికి అంతకంటె పెద్ద కీడు కలుగలేదు. మరుసటి సంవత్సరముననే ప్రేలుడు పదార్థములను గూర్చి క్రొత్త చట్టము వచ్చెను.

వంతెనను మరల కట్టునపుడు పాత స్తంభములనే నిలిపిరి. అయితే త్రిప్పి నిలిపిరి. దీని గుర్తును విద్యార్థులు తమ వ్రేళ్లతో తడవి చూడవచ్చును. తడిసి ఇసుక పట్టిన లాగుడుతాళ్లు ఏండ్లకొలది రాచుకొనుటవలన ఇనుములో లోతైన గాళ్లు పడినవి. సామాన్యముగా ఇట్టి గాళ్లు నీటివైపున మాత్రమే యుండవలెను. ఈ స్తంభములకు రెండువైపులనున్నవి: ఒకవైపువి ప్రేలుడునకు ముందటివి, రెండవవైపువి తరువాతివి. మెత్తని జనపతాడు గట్టి ఇనుమును కోసినదనగా ఎన్ని వేల గుఱ్ఱములు ఈ దారిని నడచియుండవలెను!

ఆవల జంతుశాల. లండను జంతుశాస్త్ర సంఘమువారు 1828 లో తెరచిన ఈ తోటను కాలువ రెండుగా చీల్చుకొని పోవును. గట్టుమీదనుండి పైసా ఖర్చులేక కొన్ని జంతువులను చూడవచ్చును గనుక పిల్లలకిది ఇష్టమైన తావు. 1965 లో ఇక్కడ తెరచిన ఎత్తైన వలపంజరము బహుకాలము పక్షులకు నివాసముగా నుండెను. 2022 నుండి దానిలో కొలబసు కోతులను పెట్టినారు.

తరువాత కాలువ చటుక్కున ఎడమచేతికి తిరుగును. అక్కడినుండి పూర్వము తిన్నగా దక్షిణమునకు ఒక శాఖ పోయి గడ్డి అమ్ము బజారును చేరుచుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున బాంబులవలన కూలిన ఇండ్ల శిథిలములతో దానిని పూడ్చివేసిరి. మనము తూర్పుదిక్కుగా సాగి క్యామ్డను చేరుదము. ఇచ్చటనే మొదటి లాకులు కనబడును.

లాకు అనునది మన గోదావరి కృష్ణా డెల్టాల పిల్లలకు వివరింపనక్కరలేదు. ధవళేశ్వరమునకో విజయవాడకో పోయినవారు చూచియే యుందురు. తక్కినవారికొరకు చెప్పుచున్నాము. కాలువ పై మట్టమునుండి క్రింది మట్టమునకు దిగవలసినచోట, రాతితోనో ఇటుకతోనో పెట్టెవంటి గది కట్టి, రెండు కొనల తలుపులు పెట్టుదురు. పడవ దిగవలెనన్న ముందు గదిని పై నీటితో నింపి, పడవను లోనికి తెచ్చి, పై తలుపులు మూయుదురు. పిమ్మట క్రింది తలుపులలోని చిన్న తూములను తెరువగా గదిలోని నీరు క్రిందికి పోవును. నీటితోపాటు పడవయు మెల్లగా దిగును. మట్టములు సమానమైనంతనే క్రింది తలుపులు సులువుగా తెరచుకొనును. తలుపులు రెండు రెక్కలుగా ఎగువవైపునకు కొంచెము కోసుగా కలియును గనుక, నీరు ఎంత ఒత్తిన అంత బిగియును. ప్రతి రెక్కకును పొడవైన దూలము బిగించియుందురు. మనిషి దానికి వీపానించి వెనుకకు నెట్టినచో తలుపు కదలును. యంత్రమేమియు లేదు. రెండువందల యేండ్లనాడు ఎట్లు తెరచిరో నేడును అట్లే తెరతురు. ఈ కాలువమీద ఇట్టి లాకులు పండ్రెండు. అన్నియు కలిసి పడవను 86 అడుగులు క్రిందికి దింపును.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. మన డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటకును పడవలు నడచుటకును గూడ త్రవ్వినవి. వానిలో నీరు ఎప్పుడును పారుచుండును. రీజెంటు కాలువ పడవలకే త్రవ్వినది. దానిలో ప్రవాహము లేదు. ఒక పడవ దిగినప్పుడెల్ల ఒక లాకునిండ నీరు పై మట్టమునుండి తరిగి క్రిందికి పోవును. పోయిన నీటిని మరల ఎక్కడనుండి తేవలెను? ఇదియే కంపెనీకి తెగని చింత. కాంగ్రీవు దొర నీరు ఖర్చుకాని క్రొత్తరకపు లాకును క్యామ్డనులో కట్టి చూచెను గాని అది పనిచేయలేదు. తుదకు ప్రతిచోటను ప్రక్కప్రక్కనే రెండేసి లాకులు కట్టి, ఒకదానిలోనుండి వెడలు నీటిలో సగమును రెండవదానిలోనికి వదలి పొదుపుచేసిరి. అదియు చాలక 1835 లో బ్రెంటు నదికి అడ్డుకట్ట వేసి పెద్ద చెఱువు నిర్మించిరి. పడవల రాకపోకలు తగ్గినపిమ్మట జంటలాకులలో ఒకదానిని అలుగుగా మార్చినారు. క్యామ్డనులోని మొదటి లాకు మాత్రము నేటికిని జంటగానే యున్నది. దాని ప్రక్కనున్న పాత గిడ్డంగులలో 1974 లో చేతిపనుల సంత యొకటి మొదలై నేడు పెద్ద బజారైనది. శని ఆదివారములలో అచ్చట త్రోపులాట మెండు. నెమ్మదిగా చూడగోరువారు ఉదయముననే దాటిపోవుట మేలు.

క్యామ్డను చుట్టుప్రక్కల గట్టునుండి నీటిలోనికి దిగు వాలుబాటలు కొన్ని కనబడును. ఇవి ఎందుకో మొదట అర్థము కాదు. 1837 లో లండను బర్మింగుహాము రైలుమార్గము కాలువపై వంతెనమీదుగా పోయెను. రైలు కూతకు బెదరిన గుఱ్ఱములు నీటిలో పడుచుండెను. పడిన గుఱ్ఱమును నిటారు గోడమీదుగా పైకి తీయుట అసాధ్యము గనుక, అది ఈదుకొనివచ్చి ఎక్కుటకు ఈ వాలులు కట్టిరి. రైలునకును కాలువవలన కష్టము లేకపోలేదు. కాలువపైకెక్కుటకై యూస్టను స్టేషనునుండి మిట్ట ఎంత నిటారుగా పెట్టవలసివచ్చెననగా, మొదటి యేండ్లలో బండ్లను ఇంజను లాగలేక, పైని నిలిపిన యంత్రములతో మోకుకట్టి ఈడ్చుచుండిరి.

ఇంకొక అరగంట నడచినచో కింగ్సుక్రాసు, సెయింటు ప్యాంక్రాసు అను రెండు మహాస్టేషనుల వెనుకభాగమునకు వత్తుము. రెండింటికిని ఈ కాలువ అడ్డము. 1852 లో తెరచిన కింగ్సుక్రాసు మార్గమును కట్టినవారు కాలువ క్రిందుగా సొరంగము త్రవ్వి పోయిరి. 1868 లో తెరచిన సెయింటు ప్యాంక్రాసు మార్గమువారు కాలువ పైగా వంతెనమీద వచ్చిరి. అందువలన వారి స్టేషను నేల వీధికంటె చాల ఎత్తున నిలిచిపోయెను. ఆ ఎత్తు క్రింద మిగిలిన చోటును వ్యర్థము చేయక, బర్టను ఊరినుండి వచ్చు బీరు పీపాలను నిలువచేయుటకు వాడుకొనిరి; పీపాల కొలతనుబట్టియే అందలి స్తంభముల ఎడము నిర్ణయించిరి. ఇప్పుడక్కడ ఐరోపాకు పోవు రైళ్ల ప్రయాణికులు తిరుగుచున్నారు. వీధిలో నిలిచి చూచిన ఈ స్టేషను అంత ఎత్తుగా ఏల యున్నదో తెలియదు. కాలువ గట్టుమీదనుండి చూచినవాడు వెంటనే గ్రహించును.

ఈ ప్రాంతమంతయు ఒకప్పుడు బొగ్గు, గ్యాసు, గోధుమల రాజ్యము. గ్యాసు నిలువచేయు ఇనుప తొట్ల చుట్టునుండిన గుండ్రని స్తంభపంక్తులను విప్పి, బాగుచేసి, కాలువ ఉత్తరపుటొడ్డున మరల నిలిపిరి. ఒకదాని నడుమ పచ్చికబయలు, మూడింటి నడుమ నివాసగృహములు ఉన్నవి. 1852 నాటి ధాన్యపు గిడ్డంగి ఇప్పుడు చిత్రకళాశాల. పడవలు ఆగిన కొలను ఉన్నచోట నేలనుండి చిమ్ము జలధారలలో పిల్లలు ఆడుచుందురు. ఎదుటి ఒడ్డున పాత బొగ్గు దొడ్డి 1985 లో చిన్న అడవితోటగా మారినది. రెండెకరముల ఆ తోటలో పాఠశాలల పిల్లలు కప్పలను తూనీగలను చూచి నేర్చుకొందురు. ధనము విరివిగా వెచ్చించిన క్రొత్త కట్టడములన్నింటికంటె ఈ తోటయే మాకు ఎక్కువ మెచ్చదగినదిగా తోచును.

కొంచెము ముందునకు పోగా బ్యాటిల్‌బ్రిడ్జి రేవు. దాని ఒడ్డున 1992 నుండి కాలువల ప్రదర్శనశాల యున్నది. ఆ కట్టడము స్విట్జర్లండునుండి వచ్చిన కార్లో గాట్టి యను వర్తకుని మంచుగడ్డల గిడ్డంగి. నార్వే దేశపు సరస్సులలో శీతకాలమున కోసిన మంచుదిమ్మలను ఓడలలో లైమ్‌హౌసునకును, అచ్చటనుండి పడవలలో ఇచ్చటికిని తెచ్చి, నేలలో త్రవ్విన పెద్ద బావులలో దాచి, వేసవిలో అమ్ముచుండెను. చెన్నపట్టణపు సముద్రతీరమున 1842 లో అమెరికా మంచుకొరకు కట్టిన ఐస్‌హౌసు చూచినవారికి ఈ వ్యాపారము క్రొత్తగా తోచదు.

పిమ్మట ఇస్లింగ్టను సొరంగము. నిడివి 960 గజములు. తిన్నగా త్రవ్వినందున ఒక మొగమున వంగి చూచినచో రెండవ మొగము నాణెమంత వెలుగుగా కనబడును. ఇంత దూరము కాళ్లతో తన్నుకొని పోవుట బహుకాలహరణము గనుక, 1826 లో నీటియడుగున గొలుసు పరచి, దానిని పట్టుకొని ఈడ్చుకొను ఆవిరిపడవను పెట్టిరి. పొగతో నిండిన ఆ చీకటిలో అది వంద సంవత్సరములు పనిచేసెను. మనము మరల పైకెక్కి వీధులమీదుగా పోయి ఆవల దిగుదము. ఇక్కడినుండి తూర్పునకు హాగ్గర్‌స్టను, హాక్నీ వాడలు. గిడ్డంగులును, క్రొత్త నివాసభవనములును, బాతులును, నీటికోళ్లును, గంట మ్రోగించుచు దూసికొనిపోవు సైకిళ్లును ఇచ్చటి దృశ్యము. వేసవిలో నీటిపై పచ్చని నాచు పరచుకొని చదునైన నేలవలె భ్రమ కలిగించును. మరియొక విచిత్రము కంటికి కనబడదు. సెయింటు జాన్సు వుడ్డు మొదలు సిటీ రోడ్డు వఱకు, 1979 లో ఈ కాలిబాటక్రింద 4,00,000 వోల్టుల విద్యుత్తీగలను పాతిపెట్టిరి. వాని వేడి తగ్గించుటకు కాలువనీటినే వాడుకొనిరి. గుఱ్ఱములు నడచిన దారిక్రిందనే నేడు విద్యుచ్ఛక్తి నడచుచున్నది.

విక్టోరియా ఉద్యానవనము ఎడమచేతివైపున వచ్చును. తూర్పు లండను బీదలకు గాలి, వెలుతురు, చెట్టు నీడ కావలెనని ముప్పదివేలమంది వ్రాళ్లు చేసిన అర్జీమీద ప్రభుత్వము దీనిని నిర్మించి, 1845 లో తెరచెను. దీనికి కొంచెము దక్షిణమున గ్రోవు రోడ్డు రైలువంతెనపై 1944 జూన్ 13 న, మనిషి లేక తానై యెగిరివచ్చు జర్మను బాంబులలో లండనుపై పడిన మొదటిది ప్రేలి, ఆరుగురు మరణించిరి.

మైల్ ఎండు లాకు దాటినంతనే కాలువకు ఆనుకొని మూడు పాత గిడ్డంగులు వరుసగా నిలిచియున్నవి. మా పాఠశాల పత్రికను చదువువారు ఇచ్చట తప్పక ఆగవలెను; ఇది ఒక బడి. డబ్లినులో పుట్టిన థామసు బర్నార్డో వైద్యుడై చీనాదేశమునకు పోవలెనని 1866 లో లండను వచ్చెను. ఆ యేడే తూర్పు లండనులో కలరా వ్యాపించి అనేకులు చనిపోయిరి. దిక్కులేని పిల్లలు వీధులలో పరుండుట చూచి అతడు చీనా ప్రయాణము మాని అచ్చటనే నిలిచెను. సరకులు దాచు ఈ గిడ్డంగులను 1877 లో తీసికొని, జీతము లేని పాఠశాలగా మార్చెను. చింపిరి గుడ్డలతో వచ్చువారిని ఇతర బడులవారు చేర్చుకొనరు గనుక ఇట్టివానిని చింపిరి బడులనిరి. ఇక్కడ చదువుతోపాటు అన్నమును పెట్టుచుండిరి. ఆకలిగొన్న బాలునికి అక్షరములు తలకెక్కవని అతనికి తెలియును. ప్రభుత్వపు బడులు చాలినన్ని ఏర్పడినపిమ్మట 1908 లో ఇది మూతపడెను. 1990 నుండి ప్రదర్శనశాలయై, ఆనాటి బల్లలతో పలకలతో ఒక తరగతిగదిని చూపుచున్నది.

ఈ కిటికీల క్రిందుగానే కాలువ పడవలు పోవుచుండెను. వానిలోని పిల్లల మాటయేమి? రైళ్ల పోటీవలన బాడుగలు తగ్గిపోగా, దేశాంతర్భాగమునుండి వచ్చు సన్నపడవలవాండ్రు కూలిమనిషిని పెట్టుకొనలేక భార్యాబిడ్డలనే పడవలో పెట్టుకొనిరి. వెనుక గది పదియడుగుల పొడవునకు మించదు, వెడల్పు ఏడడుగులు లేదు. వంట, పడక, పుట్టుక, చావు అన్నియు దానిలోనే. పిల్లలు గుఱ్ఱమును తోలుదురు, చుక్కాని పట్టుదురు, లాకు తలుపులు నెట్టుదురు. నేడు ఈ ఊరు, రేపు ఇంకొక ఊరు. ఏ బడిలో చేరుదురు? తాను చదువలేని తండ్రి సరకుపట్టీమీద ఏమి వ్రాసిరో ఎఱుగడు. కొడుకును అట్లే పెరుగును. చిన్ననాడు ఇటుకబట్టీలో మట్టిమోసిన జార్జి స్మిత్తు అనునతడు ముందు బట్టీలలోని పిల్లలకొరకును, పిమ్మట ఈ పడవలలోని పిల్లలకొరకును పోరాడెను. అతడు 1875 లో పుస్తకము వ్రాసి ప్రకటించెను. 1877 లో కాలువపడవల చట్టము వచ్చెను. నివాసమునకు వాడు ప్రతి పడవను ఒక ఊరిలో నమోదు చేయింపవలెననియు, గదిలో ఇంతమందికి మించి ఉండరాదనియు, పిల్లలు నమోదైన ఊరి బడికి చెందినవారనియు ఆ చట్టము నిర్ణయించెను. అది చాలవఱకు కాగితముమీదనే నిలిచినందున 1884 లో పరీక్షాధికారులను నియమింపవలసి వచ్చెను. అయినను, కదలు పడవకు నిలుకడగల బడి అందుట కష్టమే. బడి గోడ కాలువకు ఆనుకొనియున్నను, ఆ గోడప్రక్కనే పోవు బాలునికి అది ఎంత దూరమో!

కాలువ ఇంతకాలము బ్రదికియుండుటయే ఒక వింత. 1845 లో దీనినే రైలుమార్గముగా మార్చవలెనని బేరము వచ్చెను. 1883 లో ఒక రైలు కంపెనీ పదునొకండు లక్షల పౌన్లకు పైగా నిచ్చి కొనియే వేసెను. కాని మార్గము కట్టుటకు డబ్బు సమకూరలేదు. 1929 లో ఇతర కాలువలతో కలిసి గ్రాండు యూనియను అయ్యెను. 1948 లో ప్రభుత్వపరమయ్యెను. 1956 తో గుఱ్ఱములు లాగు సరకుపడవలు ముగిసెను. 1960 ల చివరకు సరకులే ముగిసెను. అప్పుడది మురికినీటితో, పారవేసిన వస్తువులతో, ఎవరికిని అక్కరలేనిదై యుండెను. కాలిబాట అదివఱకు పనివారిదే. ప్రజలకు ప్రవేశము లేదు. 1968 మొదలు భాగములు భాగములుగా గట్టును బాగుచేసి జనులకు తెరచిరి. 2012 నుండి ఒక ధర్మసంస్థ దీనిని చూచుచున్నది. కాలువను కాపాడినది ఎక్కువభాగము రైలు కంపెనీవారి బీదతనమే. కాని తరువాత దానిని పూడ్చక ఉంచుకొనుట పౌరుల వివేకము.

ఈ మాట చెప్పునప్పుడు మనకు బకింగుహాము కాలువ జ్ఞాపకము రాకమానదు. 1806 లో బాజిల్ కోక్రేను చెన్నపట్టణమున మొదలుపెట్టించిన కాలువ క్రమముగా ఉత్తరమున పెదగంజామువఱకును, దక్షిణమున మరక్కాణమువఱకును పెరిగెను. 1876-78 క్షామకాలమున ఆకలితో వచ్చినవారికి కూలి కల్పించుటకై పట్టణములోని భాగమును త్రవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టిరి. నెల్లూరు సీమ బియ్యమును కట్టెలును ఆ నీటిమీదనే చెన్నపట్టణము చేరుచుండెను. లండనులో తలపెట్టి మానినపని అక్కడ వేరువిధముగ జరిగెను: 1990 లలో ఎత్తుమీది రైలుమార్గపు స్తంభములను కాలువగర్భముననే నాటిరి. ఇప్పుడా నీటిప్రక్కను ముక్కు మూసికొనక నడచువాడు లేడు. విజయవాడనగరమున ఏలూరు, బందరు, రైవసు కాలువలు మూడును ఇండ్లనడుమనుండియే పారుచున్నవి. వాని గట్లమీద పది మైళ్లు నీడలో నడువదగిన బాట ఉండవలదా?

మన నడకకు ఇక ఒక మైలు మిగిలినది. మూడు లాకులు దిగి, ఒక తక్కువయెత్తు వంతెన దాటగానే ఆకాశము విశాలమగును. ఇది లైమ్‌హౌసు రేవు. సముద్రమునుండి బొగ్గు ఓడలు, కలప ఓడలు, మంచు ఓడలు ఇచ్చటికే వచ్చి కాలువ పడవలకు సరకు దింపుచుండెను. 1969 లో వర్తకము నిలిచెను. ఇప్పుడు తెల్లని షికారు పడవలు కట్టియుండును. ఈ రేవులలో మన దేశపు ఓడకూలీలును దిగుచుండిరి. తిరుగు ఓడ దొరకక, చలికి బట్టలేక వీధులలో చిక్కుకొన్న ఆసియా ఆఫ్రికా నావికులకొరకు 1857 లో ఈ సమీపముననే ఒక ఆశ్రయగృహము తెరచిరి. అది ఇప్పుడు లేదు.

రేవుచివర పెద్ద తలుపులున్న లాకు థేమ్సునకు దారి. నదిలో ఆటుపోట్లవలన మట్టము దినమునకు రెండుసార్లు పెరిగి తగ్గును గనుక, ఇచ్చటి కాపరి పోటు వేళలు చూచుకొని తలుపులు తెరచును. గోడమీద నిలిచి చూచినచో ఒకవైపున కదలని ఆకుపచ్చ నీరు, మరియొకవైపున సుళ్లుతిరుగుచు సముద్రమునకు పోవు గోధుమవన్నె నీరు కనబడును. అలసినవారు రేవు ఉత్తరపుటంచున 1840 నాటి ఇటుక వంతెనమీద నడచు చిన్న రైలునెక్కి పట్టణమధ్యమునకు మరలిపోవచ్చును.